బెల్టు కట్టుకోవాలి సరే... దేనికి కట్టాలి?

రోహిణి కార్తె దగ్గర పడుతుందంటే పల్లెల్లోనూ, పట్టణ శివార్లలోనూ అందరికీ ఒకటే తొందర. వానలు పడేలోపు కప్పు బాగుచేయించుకోవాలి. కోతులు గెంతి పగలగొట్టిన సిమెంటు రేకులు మార్చాలి. ఈదురుగాలికి లేచిన రేకులకు కొత్త బోల్టులు బిగించాలి. కోళ్ల ఫారంలో ఒక బ్యాచ్ వెళ్లి ఇంకో బ్యాచ్ వచ్చేలోపు దొరికే నాలుగు ఖాళీ రోజుల్లో షెడ్డు పని ముగించాలి. రేకుల మేస్త్రీలకు ఊపిరాడనంత గిరాకీ ఉండేది ఈ రోజుల్లోనే. పైకప్పు మీంచి పడ్డవాళ్లు ఆస్పత్రి క్యాజువాలిటీకి ఎక్కువగా వచ్చేదీ ఈ రోజుల్లోనే.

ఎలా పడ్డాడని అడిగితే వెంట వచ్చినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు: ‘కాలు జారింది సార్’. కాస్త నిలదీసి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. చాలాసార్లు జారింది కాలు కాదు, కాలి కింద రేకు విరిగింది. ఈ తేడా చిన్నది కాదు. కాలు జారిందంటే తప్పు పడ్డవాడి మీదికి పోతుంది. రేకు విరిగిందంటే, విరుగుతుందని తెలిసిన రేకు మీద అతన్ని ఏ ఆధారమూ లేకుండా ఎవరు నిలబెట్టారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న రాకూడదనే కాబోలు, కేసు షీటులో కూడా ‘కాలు జారి’ అనే రాయించాలని చూస్తారు.

ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకును వానను ఆపడానికి తయారుచేస్తారు. మనిషి బరువు మోయడం దాని పని కాదు. పదిహేనేళ్లు ఎండకు ఎండి వానకు నానిన రేకులో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి. ఇనుప రేకైతే వంగుతుంది, వంగేటప్పుడు చప్పుడు చేస్తుంది, వెనక్కి అడుగేసే వ్యవధి ఇస్తుంది. సిమెంటు రేకు ముందస్తు సూచనేమీ లేకుండా పుటుక్కున విరుగుతుంది. వెలుతురు కోసం మధ్యమధ్య వేసే ఫైబర్ రేకు ఇంకా ప్రమాదం. కొన్నాళ్లకు దుమ్మూ నాచూ పట్టి అది పక్క రేకుల రంగులోకి మారిపోతుంది. పైనుంచి చూస్తే ఏది ఏదో తెలియదు.

ఈ పనిలో తలపండిన మేస్త్రీలకు ఒక సూత్రం ఉంది. బోల్టుల వరస మీదే నడవాలి, కింద ఇనుప యాంగిల్ ఉంటుంది కాబట్టి రేకు విరగదు. వినడానికి బాగానే ఉంటుంది. ఆ యాంగిల్ వెడల్పు రెండంగుళాలు, మనిషి పాదం నాలుగంగుళాలు. భుజాన నలభై కిలోల దాకా బరువుండే పది అడుగుల రేకు, దాన్ని ఈడ్చే గాలి, నుదుటి చెమట కళ్లలోకి దిగడం, కిందినుంచి ఎవరో కేకేస్తే పక్కకు తిరగడం... ఇన్నిటి మధ్య రోజుకు కొన్ని వందల అడుగులు గురి తప్పకుండా వేయాలి. సర్కస్‌లో తీగ మీద నడిచేవాడికి కూడా కింద వల కడతారు. పని నేర్పు ఉన్నవాడు పడడన్న నమ్మకం వల్లే అసలు ఏర్పాట్లేవీ చేయరు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొత్త కుర్రాళ్లు ఎంతమందో, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ అంతమందే ఉంటారు.

బెల్టు ఎందుకు కట్టుకోలేదని ఓ రేకుల పనివాణ్ని మా వార్డులో అడిగాను. ‘కట్టుకుంటాను సార్, దేనికి కట్టమంటారు?’ అని తిరిగి అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నడుముకు బెల్టు పెట్టుకుని దాని కొక్కేన్ని తను నిలబడిన రేకు బోల్టుకే తగిలించుకుంటే, రేకుతో పాటు బోల్టూ ఊడి వస్తుంది. కొక్కెం తగిలించడానికి ట్రస్సుల మధ్య బిగించిన ఉక్కు తాడో, కదలని గట్టి దూలమో ఉండాలి. అది పనివాడు తన సంచిలో తెచ్చుకునేది కాదు. పని మొదలయ్యేముందు కాంట్రాక్టరు ఏర్పాటు చేయాల్సింది. తాడు పొడవూ లెక్కలోకి వస్తుంది. కాళ్లకు రెండడుగుల ఎత్తున కట్టి ఉన్నా సరే, ఆరడుగుల తాడు, ఊపు తగ్గించడానికి విప్పుకునే షాక్ అబ్జార్బర్ మూడున్నర అడుగులు, బెల్టు రింగు నుంచి పాదాల దాకా మరో ఐదడుగులు, పైన కాస్త జాగ్రత్త కలిపితే 17 అడుగులు దాటుతుంది. పన్నెండడుగుల షెడ్డు మీద అలాంటి తాడు కట్టుకున్నవాడు, అది పూర్తిగా ఆపేలోపే నేలను తాకుతాడు. తక్కువ ఎత్తు షెడ్లకు పొట్టి తాడు, తలపై కట్టు కావాలి. నడుముకు మాత్రమే చుట్టే బెల్టయితే, పడేటప్పుడు ఆ ఒక్క పట్టీ మీదే బరువంతా పడి పొట్టలోని అవయవాలు, వెన్ను దెబ్బతింటాయి. తొడలకు, భుజాలకు పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్, అదీ ఐఎస్ 3521 గుర్తు ఉన్నది వాడాలి. దానికి వేలాడుతున్న మనిషిని అలాగే వదిలేసినా ప్రాణం మీదికి వస్తుంది. కాళ్లలో రక్తం నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. కిందికి దించే నిచ్చెన, మనిషి ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంత చెప్పాక, బెల్టు చివరి రక్షణ అని కూడా చెప్పాలి. దానికంటే ముందు చేయాల్సినవి, చవకగా అయ్యేవి ఉన్నాయి. మొదటిది, ఎక్కకుండా పని అవుతుందేమో చూడటం. ఒకటి రెండు రేకులు మార్చడానికి కిందనుంచి సారువ కట్టుకుని, బోల్టు కోసి, రేకును కిందికే దించవచ్చు. ఎక్కక తప్పదంటే అడ్డపట్టీలు కొట్టిన పలకలు వేయాలి. వీటిని క్రాలింగ్ బోర్డులంటారు. రెండడుగుల వెడల్పు, కనీసం మూడు యాంగిళ్ల మీద ఆనేంత పొడవు, జారకుండా పైన తాడుతో కట్టు. ఇలాంటివి రెండుండాలి, ఒకదాని మీద ఉండి ఇంకోదాన్ని జరుపుకోవడానికి. రేకు విరిగినా బరువు యాంగిళ్ల మీదే పడుతుంది. రెండోది, పని జరిగేచోట కప్పుకు వీలైనంత దగ్గరగా కింద వల. దీనికి మనవాళ్లు నర్సరీల్లో వాడే పచ్చ షేడ్ నెట్ కట్టేసి సేఫ్టీ నెట్ అంటున్నారు. అది ఎండను ఆపుతుంది, పెంకు ముక్కల్ని ఆపుతుందేమో, డెబ్బై కిలోల మనిషిని ఆపదు. షెడ్డు పక్కనుంచి 11 కేవీ లైను పోతుంటే, విద్యుత్ సిబ్బందితో ఎల్‌సీ తీసుకుని కరెంటు ఆపించాకే పొడవాటి ఇనుప రేకు పైకెత్తాలి.

ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనే వాలు కప్పుల పని గురించి విడిగా రాశారు, క్రాలింగ్ బోర్డుల ప్రస్తావనా ఉంది. చిక్కల్లా ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందన్న దగ్గరే. పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న చోటే అది వర్తించేది. సొంత ఇల్లయి ఖర్చు 10 లక్షలు దాటకపోతే లెక్కలోకే రాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ పరిమితిని 50 లక్షలకు పెంచారు. మన రేకుల ముఠాలు చూడండి: ఒక మేస్త్రీ, ఒక వెల్డరు, ఇద్దరు హెల్పర్లు. పని జరిగేది ఎవరో ఒకరి ఇంటి మీద. పైకప్పు పనిలో ఎక్కువ భాగం జరిగే చోటికే చట్టం చేయి అందదు. తనిఖీ అధికారి రానిచోట మిగిలేది ఇంటి యజమాని, కాంట్రాక్టరు మధ్య జరిగే బేరం ఒక్కటే.

ఆ బేరం ఎలా జరుగుతుందో మనందరికీ తెలుసు. చదరపు అడుగుకు ఇంత, రేకులు మీవి, బోల్టులు మావి, రెండు పూటలా టీ. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను పిలిచి తక్కువ చెప్పినవాడికి ఇస్తాం. పలకలకూ వలకూ డబ్బులు కలిపి చెప్పిన మేస్త్రీ పని పోగొట్టుకుంటాడు. జాగ్రత్తగా పనిచేసేవాడికి పని దొరకని పద్ధతి ఇది. కాంట్రాక్టర్లను తిట్టినంత మాత్రాన మారదు. వాళ్లలో చాలామంది నిన్నటిదాకా రేకు మోసినవాళ్లే, ఇప్పటికీ పనివాళ్లతో పాటు పైకెక్కేవాళ్లే. అయినా కొందరు చెప్పే సాకు మాత్రం ఒప్పుకోవడం కష్టం: ‘పలకలు జరుపుకుంటూ కూర్చుంటే ఒకరోజు పని రెండు రోజులవుతుంది’. అవుతుంది. ఆ రెండో రోజు కూలి ఎవరు కట్టాలన్నదే తేల్చుకోవాల్సింది. నా మటుకు నేను, కప్పు ఎవరిదైతే వాళ్లదే అంటాను.

పడ్డాక ఏమవుతుందో వివరంగా చెబితే తప్ప ఆ ఒక్కరోజు కూలి విలువ అర్థం కాదు. పదిహేనడుగుల ఎత్తు నుంచి నేలకు చేరడానికి ఒక్క సెకను కూడా పట్టదు. నేలను తాకేటప్పటికి వేగం గంటకు 34 కిలోమీటర్లు. కాళ్ల మీద పడితే దెబ్బ మడమలకు తగిలి, కాలి ఎముకల మీదుగా నడుముకు చేరుతుంది. మడమ ఎముక విరిగినవారిలో పదిమందిలో ఒకరికి వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. మడమ నొప్పి గోలలో నడుము సంగతి మరుగున పడకుండా ఎక్స్‌రేలో రెండూ చూడాలి. ఛాతీ వెన్ను ముగిసి నడుము వెన్ను మొదలయ్యేచోట పూస నలిగి, ముక్క వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కితే రెండు కాళ్లూ చచ్చుబడతాయి.

నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. ఎముకలు విరిగినవాళ్లు మొదట మా దగ్గరికి రారు. ఆర్థోపెడిక్ సర్జన్లు రాడ్లు వేస్తారు, ఆరోగ్యశ్రీలోనో ఎన్టీఆర్ వైద్యసేవలోనో ఆపరేషన్ అయిపోతుంది, ఇంటికి పంపుతారు. ఆరు నెలలకో ఏడాదికో అతను చలిజ్వరంతో మా వార్డుకు వస్తాడు. మూత్రం తెలియకుండానే పోతుంది లేదా అసలు రాదు. పెట్టిన గొట్టం నెలల తరబడి మార్చక మూత్రంలో చీము చేరి, అది కిడ్నీలకు ఎక్కి ఉంటుంది. పిరుదుల పైన, తుంటి పక్కన అరచేయంత పుండ్లు, కొన్నిట్లో ఎముక కనిపిస్తుంది. స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు, తెలియదు కాబట్టి ఎవరూ దుప్పటి ఎత్తి చూడలేదు. నడుం కింద కాళ్లు పనిచేయకపోవడం ఒక్కటే అతని జబ్బని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అతని ప్రాణం తీసేవి మాత్రం చాలాసార్లు ఈ పుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్లే.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చండి. రోజూ ఉదయం, సాయంత్రం వెన్ను కింది భాగం, తుంటి, మడమలు చూడండి. చర్మం ఎర్రబడి, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ వైపు పడుకోబెట్టకండి. శాశ్వతంగా గొట్టం ఉంచడం కంటే నాలుగైదు గంటలకోసారి శుభ్రమైన చేతులతో సన్నని గొట్టం వేసి మూత్రం తీసి, వెంటనే గొట్టం తీసేయడం చాలామందికి మేలు. చేతులు పనిచేసేవాళ్లు ఇది తామే నేర్చుకోగలరు. మీ డాక్టరునో స్టాఫ్ నర్సునో అడిగి ఒకసారి చేయించి చూడండి. సదరం క్యాంపుకు వెళ్లి సర్టిఫికెట్ తీసుకోవడం వాయిదా వేయకండి. పింఛనుకు అదే ఆధారం.

ఇంట్లో మంచం మీద ఉన్న మగమనిషి చుట్టూ మిగతా ఇల్లు ఎలా తిరుగుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చే భార్య కూలికి వెళ్లలేదు. పెద్దకొడుకు చదువు మానేసి ఏ పనిలో చేరతాడంటే, చాలాసార్లు ఆ రేకుల పనిలోనే.

ఎక్కేముందు చూసుకోవాల్సినవి ఆరోగ్యపరంగా కూడా ఉన్నాయి. వీటి గురించి కాంట్రాక్టర్లు ఎవరూ అడగరు, పనివాళ్లు చెప్పరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఆ ఎండలో ఇనుప రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. పని ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదిన్నరకల్లా దిగిపోవాలి, మళ్లీ నాలుగు దాటాకే ఎక్కాలి. నాచు పట్టిన రేకు మీద మంచు తడి ఉంటే అది ఆరేదాకా ఆగాలి. పైన ఉన్నవాడు మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెప్పినా అలసట అనుకోకండి. వడదెబ్బ మెదడుకెక్కిన లక్షణం అది. దించి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ 108కు ఫోన్ చేయాలి. జ్వరం మాత్ర వేస్తే ఆ వేడి దిగదు.

షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు టిఫిన్ తినకుండా పైకెక్కితే షుగరు పడిపోయి కళ్లు తిరగవచ్చు. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు ఎండలో వంగి లేస్తే ఒక్కసారిగా బీపీ పడుతుంది. జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో చాలావాటికి మత్తుంటుంది, ఆ రోజు కిందపని చూసుకోవాలి. ఫిట్స్ ఉన్నవాళ్లు, మందులతో అదుపులో ఉన్నా సరే, కప్పు పని చేయకూడదు. రాత్రి తాగిన మందు పొద్దునకు దిగిపోయిందనుకుంటారు కానీ ఒంట్లో నీరు తగ్గి, తూకం తప్పడం మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఇవన్నీ చెబితే ఆ రోజు కూలి పోతుందని పనివాడి భయం. కింద రేకు అందించే పనో, బోల్టులు కోసే పనో ఇచ్చి అదే కూలి ఇచ్చే మేస్త్రీ దగ్గరే ఇలాంటివి బయటికొస్తాయి.

ఇంకో మాట దుమ్ము గురించి. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కప్పు మీద కదలకుండా ఉన్న రేకుతో వెంటనే భయపడాల్సింది లేదు. గ్రైండరు పెట్టి పొడి రేకును కోసేటప్పుడు లేచే తెల్లదుమ్ముతోనే అసలు ముప్పు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఆ నూగు ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత జబ్బు చూపిస్తుంది, బీడీ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు. తడిపి, చేతిరంపంతో కోయాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఆ దుమ్ము బట్టలతో ఇంటికెళ్లి పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును కనీసం 40 ఏళ్లు భద్రపరచమంది. ఆ రేకును మన ఇంటి మీద కోసేవాడికి ఒక్కరోజు రికార్డు కూడా ఉండదు.

ప్రభుత్వం చేయగలిగింది కొంత ఉంది, అదంత కష్టమైందీ కాదు. బడులు, హాస్టళ్లు, మార్కెట్ యార్డుల షెడ్ల మరమ్మతులకు వేసే అంచనాల్లో పలకలు, వల, హార్నెస్‌లకు విడిగా ఒక పద్దు పెట్టవచ్చు. పద్దు ఉంటే బిల్లు అడగాలి, బిల్లు కావాలంటే వస్తువు కనిపించాలి. హుద్‌హుద్, తిత్లీ లాంటి తుపాన్ల తర్వాత ఉత్తరాంధ్రలో ఊళ్లకు ఊళ్లే రేకులు మార్చుకోవాల్సి వచ్చింది. అలాంటప్పుడు పంచే సాయంతో పాటు పంచాయతీకి నాలుగు జతల పలకలు ఇస్తే సరిపోతుంది. ప్రతి మండల కేంద్రంలోనూ సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. జాకీలు, ప్లేట్లు అద్దెకిచ్చినట్టే క్రాలింగ్ బోర్డులు, వలలు రోజు అద్దెకు పెడితే నలుగురు మనుషుల ముఠా కూడా తెచ్చుకోగలదు. పనివాళ్లు కూడా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకుని రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల వయసు, ఏడాదిలో 90 రోజుల పని ఉంటే అర్హులే. పడ్డాక నమోదు కుదరదు.

మీ ఇంటి మీద పని పెట్టుకుంటే, మేస్త్రీతో రేటు మాట్లాడేటప్పుడే అడగండి: పలకలు ఎన్ని తెస్తావు? వల ఎక్కడ కడతావు? తాడు దేనికి కడతావు? ఫైబర్ రేకులు ఎక్కడెక్కడున్నాయో ఇంటివాళ్లుగా మీకే తెలుసు, లోపలినుంచి చూపించి పైన రంగుతో గుర్తు పెట్టించండి. పని జరిగేచోటికి కింద ఎవరూ రాకుండా, ముఖ్యంగా పిల్లలు రాకుండా తాడు కట్టండి.

ఇన్ని చేసినా ఎవరైనా పడితే, మొదటి పది నిమిషాల్లో జరిగే పొరపాటు వల్ల నడవగలిగే మనిషి నడవలేకుండా పోవచ్చు. ఇద్దరు చంకల కింద చేతులు పెట్టి, ఇంకొకరు కాళ్లు పట్టుకుని లేపడం, ఆటోలో కూర్చోబెట్టి ఆస్పత్రికి పరిగెత్తడం మనకు అలవాటు. విరిగిన పూస అలా వంచినప్పుడే వెన్నుపామును కోస్తుంది. కరెంటు ఆపండి. పడ్డవాణ్ని కదల్చకుండా తల, మెడ నిలకడగా పట్టుకుని ఒకరు దగ్గర కూర్చోండి. లేచి కూర్చోమనవద్దు, నీళ్లు తాగించవద్దు. 108 రావడం ఆలస్యమై మీరే తరలించక తప్పదంటే, నలుగురు కలిసి తల, నడుము, కాళ్లు ఒకే వరసలో ఉండేలా ఒక్కసారిగా దొర్లించి, ఊడదీసిన తలుపు మీదికి చేర్చి, ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకురండి. వాంతి చేసుకుంటే మనిషి మొత్తాన్ని అదే వరసలో పక్కకు తిప్పండి.

లేచి నడిచి ‘ఏం కాలేదు’ అన్నవాణ్నీ ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరగడం, వాంతులు, మత్తుగా పడి ఉండటం, పొట్టనొప్పితో పాటు ఎడమ భుజం లాగడం, మూత్రంలో రక్తం లేదా మూత్రం రాకపోవడం, కాళ్లలో తిమ్మిరి... వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే తీసుకురావాలి. ఆస్పత్రికి పంపేటప్పుడు ఒక చీటీ మీద నాలుగు విషయాలు రాసి జేబులో పెట్టండి: ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఎన్ని గంటలకు, మధ్యలో స్పృహ తప్పాడా, పడ్డ వెంటనే కాళ్లు కదిలించాడా. ‘రేకు విరిగి’ పడితే అదే రాయండి.